సిడ్నీ ఒలింపిక్స్‌లో కరణం మల్లేశ్వరి చివరి ప్రయత్నం

2000 సెప్టెంబర్ 19న సిడ్నీ ఒలింపిక్ క్రీడలలో జరిగిన మహిళల 69 కి.గ్రా. వెయిట్‌లిఫ్టింగ్ పోటీలో ఆంధ్ర ప్రదేశ్‌కు చెందిన కరణం మల్లేశ్వరి తన చివరి ప్రయత్నంగా 137.5 కి.గ్రా. బరువును ఎత్తబోయి విఫలమైంది. అంతకు ముందే ఎత్తిన బరువుల మొత్తం 240 కి.గ్రా.తో ఆమెకు కాంస్య పతకం లభించింది. ఒలింపిక్ పతకం సాధించిన తొలి భారతీయ మహిళగా ఆమె చరిత్రలో నిలిచింది. అయితే స్వర్ణ, రజత పతకాలు పొందినవారు ఎత్తిన మొత్తం 242.5 కి.గ్రా. మాత్రమే. అనగా మల్లేశ్వరికి, స్వర్ణానికి మధ్య ఉన్న తేడా 2.5 కి.గ్రా. అటువంటప్పుడు చివరి ప్రయత్నంలో ఒక్కసారిగా 7.5 కి.గ్రా. ఎందుకు పెంచారు, తక్కువ బరువు ఎంచుకొని ఉంటే స్వర్ణం దక్కేదా అన్న చర్చ క్రీడాభిమానులలో ఈనాటికీ వినిపిస్తుంది. ఈ వ్యాసం ఆ ప్రయత్నాన్ని, దాని వెనుక ఉన్న నియమాలను, లెక్కలను, రెండు వైపుల వాదనలను వివరిస్తుంది.

నేపథ్యం

కరణం మల్లేశ్వరి 1975 జూన్ 1న జన్మించింది. ఆమె బాల్యం శ్రీకాకుళం జిల్లా ఆమదాలవలస సమీపంలోని ఊసవానిపేటలో గడిచింది. తండ్రి మనోహర్ రైల్వే రక్షక దళంలో పనిచేసేవాడు. అక్క కృష్ణకుమారి కూడా వెయిట్‌లిఫ్టింగ్ క్రీడాకారిణియే. మల్లేశ్వరి పన్నెండేళ్ళ వయసులో నీలంశెట్టి అప్పన్న వద్ద శిక్షణ ప్రారంభించింది.

మహిళల వెయిట్‌లిఫ్టింగ్‌లో ప్రపంచ ఛాంపియన్‌షిప్ పోటీలు 1987లో మొదలయ్యాయి. మల్లేశ్వరి 1993లో ఈ పోటీలలో కాంస్యం, 1994, 1995 సంవత్సరాలలో 54 కి.గ్రా. విభాగంలో స్వర్ణం, 1996లో మళ్ళీ కాంస్యం సాధించింది. 1994 హిరోషిమా, 1998 బ్యాంకాక్ ఆసియా క్రీడలలో రజత పతకాలు పొందింది. 1994లో అర్జున పురస్కారం, 1999లో పద్మశ్రీ ఆమెకు లభించాయి. రాజీవ్ గాంధీ ఖేల్‌రత్న పురస్కార గ్రహీతలలో కూడా ఆమె ఒకరు.

ఇంతటి ఘనత ఉన్నప్పటికీ ఆమెకు ఒలింపిక్స్‌లో పాల్గొనే అవకాశం చాలాకాలం రాలేదు. అందుకు కారణం ఆమె ప్రతిభలో లోపం కాదు. ఒలింపిక్స్‌లో మహిళల వెయిట్‌లిఫ్టింగ్ అనే అంశమే లేదు. 2000 సిడ్నీ క్రీడలలోనే మహిళలకు ఏడు విభాగాలలో తొలిసారి ఈ పోటీలు నిర్వహించారు. అప్పటికి మల్లేశ్వరి 54 కి.గ్రా. విభాగం నుండి 63 కి.గ్రా. విభాగానికి, అక్కడి నుండి 69 కి.గ్రా. విభాగానికి మారింది. క్రీడలకు ముందు ఆమె ఎంపికపైన, శారీరక సామర్థ్యంపైన విమర్శలు కూడా వచ్చాయి. కాబట్టి సిడ్నీ పోటీ ఆమెకు తొలి ఒలింపిక్ అవకాశమే కాక, విమర్శలకు సమాధానం చెప్పవలసిన సందర్భం కూడా.

పోటీ నియమాలు

చివరి ప్రయత్నంపై చర్చ అర్థం కావాలంటే ముందుగా పోటీ జరిగే విధానాన్ని తెలుసుకోవాలి. వెయిట్‌లిఫ్టింగ్‌లో రెండు అంశాలు ఉంటాయి.

* స్నాచ్: నేలపై ఉన్న బార్‌ను ఒకే ఊపులో తలపైకి ఎత్తి నిలబడాలి.
* క్లీన్ అండ్ జెర్క్: బార్‌ను మొదట భుజాల వరకు తెచ్చి నిలబడి, తరువాత రెండవ ఊపులో తలపైకి ఎత్తాలి. ఈ అంశంలో స్నాచ్ కంటే ఎక్కువ బరువు ఎత్తవచ్చు.

ఒక్కొక్క అంశంలో ప్రతి క్రీడాకారిణికి మూడేసి ప్రయత్నాలు ఉంటాయి. స్నాచ్‌లో ఎత్తిన అత్యధిక బరువును, క్లీన్ అండ్ జెర్క్‌లో ఎత్తిన అత్యధిక బరువును కలిపి మొత్తంగా లెక్కిస్తారు. ముగ్గురు న్యాయనిర్ణేతలలో కనీసం ఇద్దరు తెల్ల దీపం వెలిగిస్తే ప్రయత్నం సఫలమైనట్లు, ఎర్ర దీపం వెలిగిస్తే విఫలమైనట్లు.

బార్‌పై బరువు ఎప్పుడూ పెరుగుతూనే పోతుంది, తగ్గదు. తక్కువ బరువు కోరినవారు ముందుగా, ఎక్కువ బరువు కోరినవారు తరువాత వేదికపైకి వస్తారు. తమ వంతు రాకముందు కోరిన బరువును పరిమితంగా మార్చుకోవచ్చు. అందువలన ఎంత బరువు ఎత్తాలి అన్నదే కాక, ఎవరికి ముందు ఎత్తాలి, ఎవరి తరువాత ఎత్తాలి అన్నది కూడా శిక్షకులు లెక్క వేసుకోవాలి. వేదిక వెనుక జరిగే ఈ లెక్క చదరంగం ఆట వంటిది.

సిడ్నీ పోటీల నాటికి అమలులో ఉన్న మరి రెండు నియమాలు ఇక్కడ ముఖ్యమైనవి. మొదటిది, బార్‌పై బరువును 2.5 కి.గ్రా. చొప్పున పెంచేవారు. రెండవది, ఇద్దరు క్రీడాకారిణులు సమానమైన మొత్తం సాధిస్తే, పోటీకి ముందు తూచినప్పుడు తక్కువ శరీర బరువు ఉన్నవారికి పై స్థానం ఇచ్చేవారు.

పోటీ జరిగిన తీరు, ఫలితాలు

స్నాచ్‌లో మల్లేశ్వరి 110 కి.గ్రా. ఎత్తింది. చైనాకు చెందిన లిన్ వెయినింగ్ కూడా 110 కి.గ్రా. ఎత్తగా, హంగేరీకి చెందిన ఎర్జెబెత్ మార్కుష్ 112.5 కి.గ్రా. ఎత్తి ముందంజలో నిలిచింది. క్లీన్ అండ్ జెర్క్‌లో మల్లేశ్వరి 130 కి.గ్రా. సఫలంగా ఎత్తింది. దానితో ఆమె మొత్తం 240 కి.గ్రా.కు చేరింది. మిగిలిన చివరి ప్రయత్నానికి 137.5 కి.గ్రా. కోరారు. ఆ బరువును ఎత్తి ఉంటే మొత్తం 247.5 కి.గ్రా. అయ్యేది. కానీ ఆ ప్రయత్నం సఫలం కాలేదు.

మొదటి మూడు స్థానాలలో నిలిచినవారి వివరాలు ఇవి:

1. లిన్ వెయినింగ్ (చైనా): స్నాచ్ 110, క్లీన్ అండ్ జెర్క్ 132.5, మొత్తం 242.5 కి.గ్రా. – స్వర్ణం
2. ఎర్జెబెత్ మార్కుష్ (హంగేరీ): స్నాచ్ 112.5, క్లీన్ అండ్ జెర్క్ 130, మొత్తం 242.5 కి.గ్రా. – రజతం
3. కరణం మల్లేశ్వరి (భారత్): స్నాచ్ 110, క్లీన్ అండ్ జెర్క్ 130, మొత్తం 240 కి.గ్రా. – కాంస్యం

లిన్, మార్కుష్ ఇద్దరూ సమానమైన బరువు ఎత్తినప్పటికీ, శరీర బరువు తక్కువగా ఉన్నందున లిన్‌కు స్వర్ణం దక్కింది. ఈ విధంగా ముగ్గురు పతక విజేతల మధ్య ఉన్న అంతరం ఆనాటి నియమాల ప్రకారం బార్‌పై పెంచదగిన ఒక్క మెట్టు మాత్రమే. ఈ స్వల్ప అంతరమే తరువాతి చర్చకు మూలం.

చర్చ

మల్లేశ్వరి చివరి ప్రయత్నంపై అభిమానులలో మూడు రకాల అభిప్రాయాలు వినవస్తాయి.

132.5 కి.గ్రా. చాలుననే వాదన

ఫలితాల పట్టికను చూడగానే కలిగే అభిప్రాయం ఇది. 2.5 కి.గ్రా. తేడాతో స్వర్ణం పోయింది కనుక 130 తరువాత 132.5 ఎత్తితే సరిపోయేదని అంటారు. కానీ ఈ వాదనలో ఒక లోపం ఉంది. 132.5 కి.గ్రా. ఎత్తి ఉంటే మల్లేశ్వరి మొత్తం 242.5 కి.గ్రా. అయ్యేది. అది మిగతా ఇద్దరితో సమానమే కాని ఎక్కువ కాదు. అప్పుడు పతకం రంగును బార్ కాక, పోటీకి ముందు ముగ్గురినీ తూచిన త్రాసు నిర్ణయించేది. కాబట్టి 132.5 కి.గ్రా.తో లభించేది సమానత మాత్రమే. అది స్వర్ణమా కాదా అన్నది శరీర బరువుల పోలికకు వదిలివేయవలసిన విషయం.

135 కి.గ్రా. సరైన ఎంపిక అనే వాదన

విమర్శలలో బలమైనది ఇది. 135 కి.గ్రా. ఎత్తి ఉంటే మొత్తం 245 కి.గ్రా. అయ్యేది. లిన్, మార్కుష్‌లు సాధించిన 242.5 కంటే ఇది ఎక్కువ గనుక శరీర బరువుతో పనిలేకుండానే మొదటి స్థానం దక్కేది. 130 నుండి 135కు పెంపు సుమారు 3.8 శాతం, 137.5కు పెంపు సుమారు 5.8 శాతం. శిఖరాగ్ర స్థాయిలో ఈ తేడా చిన్నది కాదు. ఒక క్రీడాకారిణి తన శక్తి హద్దుకు చేరువలో ఉన్నప్పుడు ప్రతి 2.5 కి.గ్రా.కు ఎంతో విలువ ఉంటుంది. పైగా అది ఆ రోజు పోటీలో ఆమె ఆరవ ప్రయత్నం. అలసట పెరిగే కొద్దీ మోకాళ్ళు, నడుము, భుజాలు ఒకేసారి సహకరించడం కష్టమవుతుంది. అవసరానికి మించి ఒక మెట్టు అదనంగా ఎందుకు పెంచారన్నది ఈ వాదన చేసేవారి ప్రశ్న.

137.5 కి.గ్రా. ఎంపికను సమర్థించే వాదన

ఫలితాల పట్టిక పోటీ ముగిసిన తరువాత తయారయ్యేది. పట్టికను చూస్తూ చెప్పే లెక్క, పోటీ జరుగుతున్నప్పుడు వేసే లెక్క ఒకటి కావు. తక్కువ బరువు కోరినవారు ముందుగా ఎత్తవలసి ఉంటుంది. ముందుగా ఎత్తినవారు ఎంత సాధించారో చూసి, ప్రయత్నాలు మిగిలివున్న ప్రత్యర్థి తన బరువును పెంచుకోవచ్చు. ఉదాహరణకు 245 కి.గ్రా. మొత్తాన్ని అందుకోవడానికి లిన్‌కు 135 కి.గ్రా. కావాలి, 247.5 కి.గ్రా.ను అందుకోవడానికి 137.5 కావాలి. బరువు ఎంత ఎక్కువగా కోరితే ప్రత్యర్థికి అవకాశం అంత తగ్గుతుంది. శిక్షకులు కోరే బరువు కేవలం తమ క్రీడాకారిణి ఎత్తవలసినది మాత్రమే కాదు. ప్రత్యర్థి ముందు ఉంచే సవాలు కూడా.

దీనికి తోడు మరొక విషయం ఉంది. వెయిట్‌లిఫ్టింగ్‌లో విఫలమైన ప్రయత్నం వలన అంతకు ముందు సాధించిన మొత్తం తగ్గదు. 240 కి.గ్రా. మల్లేశ్వరి పేరున అప్పటికే నమోదై ఉంది. అటువంటి స్థితిలో చివరి ప్రయత్నాన్ని స్వర్ణం కోసం వినియోగించడం తప్పు అనలేము. సాహసం చేసి ఉన్నది పోగొట్టుకొనే ఆట కాదది.

తేలే విషయం

పై వాదనలను పక్కపక్కన ఉంచి చూస్తే కొన్ని విషయాలు స్పష్టమవుతాయి. చివరి ప్రయత్నం విఫలమైనందువలన కాంస్యానికి ఏ నష్టమూ కలుగలేదు. 132.5 కి.గ్రా.తో స్వర్ణం ఖాయమని చెప్పడం సరికాదు. తుది ఫలితాల ప్రకారం స్వర్ణానికి నిస్సందేహంగా సరిపోయే కనీస బరువు 135 కి.గ్రా. కాబట్టి అసలు ప్రశ్న 135కు, 137.5కు మధ్య ఉన్న ఒక్క మెట్టు గురించి మాత్రమే. ఆ 135 కి.గ్రా.ను కూడా ఆమె తప్పక ఎత్తి ఉండేదని ఎవరూ అనలేరు. ఆ రోజు ఆమె సఫలంగా ఎత్తిన అత్యధిక బరువు 130 కి.గ్రా. స్వర్ణం చేతికి వచ్చి జారిపోయిందనడం కంటే, స్వర్ణం కోసం ప్రయత్నించే అర్హతను ఆమె చివరి క్షణం వరకు నిలుపుకొన్నదనడం వాస్తవానికి దగ్గరగా ఉంటుంది.

నియమాలలో మార్పులు

సిడ్నీ తరువాత ఈ చర్చకు ఆధారమైన రెండు నియమాలూ మారాయి. 2005 నుండి బార్‌పై బరువును ఒక్కొక్క కి.గ్రా. చొప్పున పెంచే వీలు కల్పించారు. 2017 నుండి మొత్తం సమానమైనప్పుడు శరీర బరువును చూసే పద్ధతిని తొలగించి, ఆ మొత్తాన్ని ముందుగా సాధించినవారికి పై స్థానం ఇస్తున్నారు.

ఈ నియమాలు సిడ్నీ నాటికే ఉండి ఉంటే 242.5 అనే సంఖ్యకు బదులు 243 వంటి సంఖ్యలు సాధ్యమయ్యేవి. 110తో పాటు క్లీన్ అండ్ జెర్క్‌లో 133 కి.గ్రా. ఎత్తితే 242.5ను దాటవచ్చు. అప్పుడు పెంచవలసింది 5 కి.గ్రా. కాదు, 3 కి.గ్రా. మాత్రమే. అయితే అదే సౌకర్యం ప్రత్యర్థులకూ ఉంటుంది గనుక వారి లెక్కలు కూడా వేరుగా ఉండేవి. ఒక కాలపు ఫలితాన్ని మరొక కాలపు నియమాలతో తూచడం ఎంత కష్టమో దీనివలన తెలుస్తుంది.

తరువాతి ఉదాహరణలు

సిడ్నీ తరువాత వెయిట్‌లిఫ్టింగ్‌లో భారత్‌కు మరో ఒలింపిక్ పతకం రావడానికి ఇరవై ఏళ్ళకు పైగా పట్టింది. 2021లో జరిగిన టోక్యో ఒలింపిక్స్‌లో మణిపూర్‌కు చెందిన మీరాబాయి చాను 49 కి.గ్రా. విభాగంలో 202 కి.గ్రా. (87+115) ఎత్తి రజతం గెలుచుకొంది. ఆమె చివరి ప్రయత్నం 117 కి.గ్రా. కూడా విఫలమైంది. కానీ దానిపై చర్చ జరగలేదు. స్వర్ణ విజేత హౌ జిహుయి మొత్తం 210 కి.గ్రా. కావడంతో, 117 ఎత్తినా మీరాబాయి మొత్తం 204 మాత్రమే అయ్యేది. పతకం రంగు మారేది కాదు.

2024 పారిస్ ఒలింపిక్స్‌లో పరిస్థితి వేరు. అక్కడ మీరాబాయి 199 కి.గ్రా. (88+111) ఎత్తి నాలుగవ స్థానంలో నిలిచింది. థాయిలాండ్ క్రీడాకారిణి సురోద్చనా ఖంబావో 200 కి.గ్రా.తో కాంస్యం పొందింది. మీరాబాయి చివరి ప్రయత్నంలో 114 కి.గ్రా. ఎత్తలేకపోయింది. తుది ఫలితాల ప్రకారం 113 ఎత్తినా మొత్తం 201 అయి కాంస్యం దక్కేది. ఇరవై నాలుగేళ్ళ తరువాత మళ్ళీ ఒక్క మెట్టు తేడా వచ్చింది. ఈసారి ఆ మెట్టు ఒక్క కి.గ్రా.

ఈ రెండు ఉదాహరణలను బట్టి ఒక సూత్రం చెప్పవచ్చు. విఫలమైన ప్రతి ప్రయత్నమూ చర్చనీయాంశం కాదు. కోరిన బరువుకు, అవసరమైన బరువుకు మధ్య ఖాళీ మిగిలినప్పుడే అభిమానులకు ఆ ప్రయత్నం గుర్తుండిపోతుంది.

ఇతర బల పోటీలతో పోలిక

బలాన్ని కొలిచే పోటీలన్నింటిలో ఇటువంటి చర్చ తలెత్తదు. కడప జిల్లాలోని మైదుకూరు, ప్రొద్దుటూరు, జమ్మలమడుగు, పులివెందుల వంటి ప్రాంతాలలో పండుగలకు, తిరునాళ్ళకు ఎడ్ల బండలాగుడు పోటీలు నిర్వహించడం పరిపాటి. వెయిట్‌లిఫ్టింగ్‌లో శరీర బరువును బట్టి విభాగాలు ఉన్నట్లే, ఈ పోటీలలో ఎడ్ల పళ్ళను బట్టి విభాగాలు ఉంటాయి. అయితే ఒక విభాగంలోని జతలన్నీ ఒకే బండను లాగుతాయి; నిర్ణీత సమయంలో ఎక్కువ దూరం లాగిన జత గెలుస్తుంది. ఇక్కడ బరువు స్థిరం, దూరం మారుతుంది. వెయిట్‌లిఫ్టింగ్‌లో దూరం స్థిరం, అనగా నేల నుండి తలపై వరకు. బరువును మాత్రం పోటీదారులే ఎంచుకోవాలి. బండలాగుడులో ఓడిన జత యజమానిని ఇంత బరువు ఎందుకు కోరావని ఎవరూ అడగరు. వెయిట్‌లిఫ్టింగ్‌లో మొదటి ప్రశ్నే అది.

ప్రదర్శన కుస్తీలో విఫలమైన ఎత్తు మరో విధంగా చర్చకు వస్తుంది. 1987 మార్చి 29న అమెరికాలోని పాంటియాక్ నగరంలో జరిగిన మూడవ రెసిల్‌మేనియాలో హల్క్ హోగన్, మహాకాయుడైన ఆండ్రే ది జెయింట్‌ను పోటీ ప్రారంభంలోనే ఎత్తబోయి, ఆ బరువుకు వెనుకకు కూలిపోయాడు. చివరకు అతనిని ఎత్తి పడవేసి గెలిచాడు. ఆ మొదటి వైఫల్యంలో హోగన్ భుజాలు మూడు లెక్కపెట్టే వరకు నేలకు అంటుకొని ఉన్నాయా అన్నది అభిమానులలో వాదోపవాదాలకు దారితీసింది. కానీ ప్రదర్శన కుస్తీలో గెలుపోటములు ముందుగా నిర్ణయించుకొన్నవి; పైకి లేచే మల్లుడి సహకారం లేనిదే ఎత్తడం సాధ్యం కాదు. కాబట్టి అక్కడి వైఫల్యం బలహీనతా, పొరపాటా, కథలో భాగమా అన్నది తేల్చడం కష్టం. ఇనుప బార్ ఎవరికీ సహకరించదు, ఎవరినీ అడ్డగించదు. అందువలన మల్లేశ్వరి ప్రయత్నంపై చర్చ ఎత్తిన తీరు గురించి కాక, కోరిన బరువు గురించి మాత్రమే సాగింది.

ప్రాముఖ్యత

సిడ్నీ ఒలింపిక్స్‌లో భారత్‌కు లభించిన ఏకైక పతకం మల్లేశ్వరి సాధించిన కాంస్యమే. స్వతంత్ర భారత్‌కు వ్యక్తిగత అంశాలలో అది మూడవ పతకం. అంతకు ముందు 1952 హెల్సింకిలో కుస్తీ క్రీడాకారుడు ఖాషాబా దాదాసాహెబ్ జాదవ్, 1996 అట్లాంటాలో టెన్నిస్ క్రీడాకారుడు లియాండర్ పేస్ కాంస్య పతకాలు సాధించారు. మల్లేశ్వరి తరువాత మరో భారతీయ మహిళకు ఒలింపిక్ పతకం లభించినది 2012 లండన్ క్రీడలలో. అప్పుడు సైనా నెహ్వాల్, మేరీ కోమ్ కాంస్యాలు గెలుచుకొన్నారు.

2004 ఏథెన్స్ ఒలింపిక్స్‌లో మల్లేశ్వరి పాల్గొన్నప్పటికీ గాయం కారణంగా పోటీని పూర్తి చేయలేకపోయింది. ఆ తరువాత పోటీల నుండి విరమించుకొంది. 2021లో ఢిల్లీ క్రీడా విశ్వవిద్యాలయానికి తొలి ఉపకులపతిగా నియమితురాలైంది.

ఆంధ్ర ప్రదేశ్ నుండి తరువాతి కాలంలో మరికొందరు వెయిట్‌లిఫ్టర్లు అంతర్జాతీయ స్థాయికి చేరారు. విజయనగరం జిల్లాకు చెందిన మత్స సంతోషి 2014 కామన్వెల్త్ క్రీడలలో పతకం సాధించగా, స్టువర్టుపురానికి చెందిన రాగాల వెంకట రాహుల్ 2018 కామన్వెల్త్ క్రీడలలో స్వర్ణం గెలుచుకొన్నాడు. వీరి తరానికి మల్లేశ్వరి పేరు సిడ్నీలో ఎత్తలేకపోయిన 137.5 కి.గ్రా.తో కాక, ఎత్తి చూపిన 240 కి.గ్రా.తోనే ముడిపడి ఉంది.